నీళ్ళు కారే పొడి కళ్ళు

చెంపల మీదికి నీళ్ళు కారుతున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మీ కళ్ళు ఎండిపోతున్నాయమ్మా" అని చెప్పి చూడండి. ఎదుటి మనిషి మొహంలో ముందు అనుమానం కనబడుతుంది, తర్వాత జాలి. ఆ జాలి మన మీదే. కళ్ళద్దాల నంబరు తీయడం మా వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాలుగు నెలల్లో నేర్చుకుంటారు. ఈ ఒక్క మాట నమ్మించడం మాత్రం ఉద్యోగం చివరిదాకా నాకు పూర్తిగా చేతకాలేదు. నమ్మించలేకపోయినా నయం చేయగలిగిన ఒక కేసు గురించి ఇక్కడ రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వస్తున్న మీలో ఎవరికైనా అక్కరకొస్తే సంతోషం.

నేను ఆప్టోమెట్రిస్టుగా పని చేసి ఈమధ్యనే రిటైరయ్యాను. జనం "అద్దాల డాక్టరు" అనేవాళ్ళు. నేను డాక్టర్ని కానని మొదట్లో ప్రతి ఒక్కరికీ సరిదిద్ది చెప్పేవాణ్ణి. సరిదిద్దినకొద్దీ ఇంకా గట్టిగా డాక్టరు అంటుంటే మానుకున్నాను. ఉద్యోగం ఆత్మకూరులో, ఒక ట్రస్టు నడిపే కంటి ఆసుపత్రిలో. బుధవారాలు మాత్రం ఉదయగిరిలో మావాళ్ళు పెట్టిన చిన్న కేంద్రానికి బస్సులో పోయేవాణ్ణి. అక్కడ ఒక గది, గోడకు అక్షరాల బోర్డు, కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంపు ఒకటి, పేర్లు రాసుకుని మనుషుల్ని లోపలికి పంపే సిస్టరు ఒకామె. సిస్టరుది ఆ ఊరే. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆమెకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

నాకు రోజూ సాయంత్రం డైరీ రాసే అలవాటు ఉంది. ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు ఆనాటి డైరీ తీసి చూశాను. బస్సు ఆలస్యమైందని, దారిలో టైరు మార్చారని, మధ్యాహ్నం పెరుగన్నం పులిసిందని వివరంగా రాసుకున్నాను. నేను చెప్పబోయే ఆమె గురించి ఒకే వాక్యం ఉంది. కాబట్టి కింద రాసిందంతా జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నదే.

అవి ఎండలు ముదురుతున్న రోజులు. ఆమె లోపలికి వచ్చేసరికి కొంగు అంచు తడిసి ఉంది. నలభై దాటిన మనిషి. కుడిచేతి బొటనవేలి పక్కన కాయ కాసి, గట్టిపడి ఉంది. చేతులు చూసి పని చెప్పడం నాకు అలవాటు కాబట్టి, చెక్క చెంచాలు చేసే మనిషని తెలిసిపోయింది. ఉదయగిరిలో ఆ పని చేసేవాళ్ళ చేతులన్నీ అలాగే ఉంటాయి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"పోయిన వానల కాడి నుంచి సార్. పొద్దన లేస్తానే కళ్ళల్లో ఇసక పోసినట్టు ఉంటాది. పనిలో కూర్చుంటే నీళ్ళు. తుడిస్తే మసక. తుడవకపోతే అసలుకే కనపడదు."

రవికలో నుంచి ఒక మడత కాగితం తీసి ఇచ్చింది. ఎక్కడో జరిగిన కంటి శిబిరంలో రాసిచ్చింది. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి మూసుకుపోయి ఉండవచ్చునని, ఆపరేషన్‌కు రావాలని అందులో ఉంది. నీళ్ళు కారే కంటికి ఎవరికైనా ముందు తట్టే కారణం అదే. గుంపులో కూర్చుని చూసేవాళ్ళను తప్పుబట్టలేం.

నేను మామూలుగా చేసే పరీక్షలు వరుసగా చేశాను. రంగు అద్దిన సన్నటి కాగితాన్ని రెప్ప లోపల తాకించి, నీలం వెలుగు వేసి, రెప్ప వేయకుండా ఎదురుగా చూడమన్నాను. కంటి మీద కన్నీళ్ళు పల్చటి పొరలా పరుచుకుని ఉంటాయి. ఆ వెలుగులో పొర పచ్చగా మెరుస్తుంది. బాగున్న కంట్లో నేను మనసులో పది లెక్కపెట్టేదాకా అది చెదరదు. ఆమె కంట్లో మూడు అనేలోపే నల్లటి చీలికలు పడ్డాయి. రెప్పల అంచున వరుసగా చిన్న చిన్న నూనె రంధ్రాలు ఉంటాయి. ఆ నూనె కన్నీటి పైన తేలి, కన్నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. రెప్పను మెల్లగా నొక్కితే ఎండాకాలపు నెయ్యిలా జారాల్సిన ఆ నూనె, ఆమెకు చలికాలపు నెయ్యిలా గడ్డగా బయటికి వచ్చింది.

ఇంకొకటి కూడా గమనించాను. రెప్ప వేయవద్దంటే మనుషులు కాసేపటికే తట్టుకోలేక గింజుకుంటారు. ఆమె చూపు కదపలేదు. పొర చీలిపోయి, కన్ను ఎర్రబడి, నీళ్ళు ఊరుతున్నా రెప్ప వాల్చలేదు. చివరికి నేనే "చాలమ్మా, రెప్ప వేసుకో" అనాల్సి వచ్చింది. ఎంత ఓర్పు అనుకుని ముందుకు పోయాను. అక్కడ ఆగి ఆలోచించి ఉంటే ఈ కథ సగానికే అయిపోయేది.

"అమ్మా, నీళ్ళు కారడం అసలు జబ్బు కాదు. మీ కళ్ళు ఎండిపోతున్నాయి. ఎండితే మంట పుడుతుంది. ఆ మంటకు ఒక్కసారిగా నీళ్ళు ఊరతాయి. వాటిలో నూనె లేదు కాబట్టి కంట్లో నిలవకుండా కారిపోతాయి."

ఆమె నన్ను వదిలేసి సిస్టరు వైపు తిరిగింది. "ఏంది సిస్టరా, సారు ఎగతాళి చేస్తా ఉండాడా?"

"సారుకు ఎగతాళి చేతగాదక్కా. చేతనయితే నాకైనా పొద్దు పోయేది," అంది సిస్టరు.

అప్పుడు ఆమె అసలు భయం చెప్పింది. వాళ్ళ మేనమామ ఇంటి వెనక కొట్టంలో ఆడవాళ్ళు వరుసగా కూర్చుని, కొండ మీద దొరికే నర్ది అనే చెట్టు కర్రతో చెంచాలు, గరిటెలు, దువ్వెనలు చేస్తారు. వాటన్నిటిలోకి ఫోర్కు కష్టం. ఫోర్కుకు ఉండే పండ్లను సన్నటి ఉలితో ఒక్కొక్కటి విడదీయాలి. ఏ మాత్రం చెయ్యి జారినా పన్ను విరిగిపోతుంది, అంతదాకా చేసిన పనంతా పొయ్యిలోకే. ఆ కొట్టంలో ఫోర్కు చేయగలిగింది మేనమామ, ఆ తర్వాత ఈమె. ఈమెకు ఆ పని, ఆ ఉలి తల్లి నుంచి వచ్చాయి.

"మొన్న నేను చేసినవి ఒక కట్ట పక్కన పడేసినాడు సార్ మామ. ఒకదానికీ పండ్లు సమంగా లేవు. ఇంకో తూరి ఇట్టయితే గరుకు కాగితం పట్టేదానికి పొమ్మన్నాడు. మా అమ్మ ఉలి వేరే పిల్లకు ఇస్తానన్నాడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. అవి ఏ నీళ్ళో నేను చెప్పలేకపోయాను. "ఆపరేషన్ చేస్తే ఎన్ని దినాలకు ఉలి పట్టచ్చు సార్?"

గరుకు కాగితంతో నున్నగా రుద్దే పని కొట్టంలో కొత్తగా చేరినవాళ్ళది. ఆమె వయసులో అక్కడికి పోయి కూర్చోవడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

ఆ వారమే ఆత్మకూరుకు పిలిపించి మా డాక్టరమ్మకు చూపించాను. డాక్టరమ్మ మాటల విషయంలో మహా పొదుపరి. శిబిరం కాగితం చదివి, నేను రాసింది చదివి, "అనుమానం ఎందుకు, నీళ్ళు కొట్టి చూద్దాం" అంది. కంటి మూలలో ఉండే చిన్న రంధ్రంలోకి మొద్దు సూదితో ఉప్పునీళ్ళు పంపుతారు. దారి మూసుకుపోయి ఉంటే నీళ్ళు తిరిగి కంట్లోకే వస్తాయి. తెరిచి ఉంటే గొంతులోకి దిగుతాయి. ఆమె బల్ల మీద పడుకుని నా మణికట్టు పట్టుకుంది. కర్ర కొట్టే చెయ్యి, నాకు వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"గొంతులో ఉప్పగా తగిలిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆమె గుటక వేసింది. డాక్టరమ్మ నా వైపు చూసింది, నేను ఆమె గొంతు వైపు చూశాను.

"చెప్పమ్మా. ఉప్పగా ఉందా లేదా?"

"ఉండాది. చెప్పేదానికేముండాది మేడం, ఉప్పునీళ్ళేగదా మీరు పోసింది."

డాక్టరమ్మ నవ్వడం నేను అరుదుగా చూశాను. ఆరోజు చూశాను. శిబిరం కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, "దారి బ్రహ్మాండంగా ఉంది. ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. ఇక మీరే చూసుకోండి" అని నాకు అప్పగించింది. ఆమె బల్ల మీద నుంచి దిగుతూనే, "అయితే ఉలి రేపే పట్టచ్చా?" అంది.

చేయాల్సిన పద్ధతంతా కూర్చోబెట్టి చెప్పాను. కళ్ళు తెల్లబడతాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్న, ఎర్రదనం పోగొట్టే మందు ఆపేయాలి, దానివల్ల ఎండడం ఇంకా ఎక్కువవుతుంది. కన్నీళ్ళలాంటి చుక్కల మందు మంట పుట్టినప్పుడు కాకుండా వేళ ప్రకారం వేసుకోవాలి. గడ్డకట్టిన నూనె కరగడానికి మూసిన రెప్పల మీద పొద్దున, సాయంత్రం వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, రెప్పల అంచులు మెల్లగా తుడవాలి. ఫ్యాను గాలి మొహానికి ఎదురుగా ఉండకూడదు. మందులిచ్చే మా కుర్రాడు ఆ చీటీ చూసి, "నీళ్ళు కారే కంట్లోకి నీళ్ళు రాసే మనిషి జిల్లాలో నువ్వొక్కడివే సార్" అన్నాడు. ఈ మాట అతను ప్రతి చీటీకీ అనేవాడు. ప్రతిసారీ కొత్తగానే నవ్వేవాడు.

రెండు బుధవారాల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. తలుపు దగ్గరే నా ధైర్యం జారిపోయింది. రెప్పలు వాచి, అంచులు ఎర్రగా పుండు పడ్డట్టున్నాయి. కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి.

"మీరు చెప్పినట్టే చేసినా సార్. ఒక్కటి తప్పలేదు. చూడండి ఎట్టయినాయో."

నేను ఒక్కొక్కటిగా అడిగాను. ఎర్రదనం మందు? పారేసింది. చుక్కలు? వేళకు వేసుకుంటోంది. సీసా మూతి కంటికి తాకిస్తోందా? లేదు. కాపడం?

"రోజూ పెట్టినా. రెండు పూట్లా."

"ఎట్లా పెట్టినావో చెప్పు."

"గుడ్డయితే ఊరికే చల్లారిపోతా ఉండాది. అందుకని మూట కట్టినా." సంచిలో చెయ్యి పెట్టి ఒక చిన్న మూట తీసింది. పల్చటి తెల్లగుడ్డతో, చుట్టూ వరసగా కుట్టుతో చూడముచ్చటగా ఉంది. "పెనం మీద వేడి చేసి పెట్టుకుంటే శానా సేపు వేడి పోదు సార్."

"లోపల ఏముంది?"

"పొట్టు. నర్ది పొట్టు మెత్తగా ఉంటాది. గరుకు కాగితం కాడ రాలేది."

సిస్టరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తెల్లకాగితం పరిచి దాని మీద మూటను మెల్లగా తట్టాను. గుడ్డ నేత సందుల్లో నుంచి లేత గోధుమరంగు పిండి కాగితం మీద పల్చగా పరుచుకుంది. వేలికి తాకి తెలియనంత మెత్తగా ఉంది. రెండు వారాలపాటు, రెండు పూటలా, ఆమె దాన్ని వేడి చేసి మరీ రెప్పల అంచుల్లోకి దట్టించింది.

"అక్కా, కళ్ళకు పౌడరు రాసుకున్నావు," అంది సిస్టరు.

"మా ఇంట్లో మోకాళ్ళకు అట్నే పెడతాం మే. మోకాళ్ళు బాగయితాయి గదా."

ఆమె ఆలోచనలో నాకు ఎక్కడా తప్పు కనబడలేదు. వేడి నిలవాలి, చేతికి అందేది, మెత్తనిది కావాలి. చెంచాలు చేసే ఇంట్లో ఇంకేముంటుంది? పిల్లలూ, రోగికి ఏమి చేయాలో చెప్పడం సగం పనే. వాళ్ళ ఇంట్లో ఆ పని దేనితో చేస్తారో అడగడం మిగతా సగం. కళ్ళు శుభ్రంగా కడిగి, ఆమె ఎదురుగానే వేడినీళ్ళలో గుడ్డ పిండి, రెప్పల మీద వేసి, దాని మీద పొడి తువాలు మడిచి పెట్టి చూపించాను. అలా చేస్తే వేడి నిలుస్తుంది. ఆమె కళ్ళు మూసుకుని పడుకునే చెప్పింది.

"నిన్న గరుకు కాగితం కాడ కూర్చోబెట్టినాడు సార్. మా అమ్మ ఉలి వాసంలో దోపినాడు. ఫోర్కులకు పెద్ద లాటు ఆర్డరు వచ్చింది, అది మొదలయితే ఆ పిల్లకిస్తాడంట."

చూపు సరిగ్గా లేదని ఫోర్కు పని మాన్పించి, కళ్ళలోకి అందరికంటే ఎక్కువ పొట్టు లేచే చోట కూర్చోబెట్టారు. అక్కడ ఉన్నంతకాలం ఆ కళ్ళు బాగుపడవు. బాగుపడనంతకాలం అక్కడే ఉంటుంది. నేను వాచీ చూసుకుని, "సిస్టర్, ఆ కొట్టం ఎంత దూరం?" అని అడిగాను.

"మాట్లాడేదానికయితే దగ్గరే. గెలిచేదానికయితే శానా దూరం," అంది సిస్టరు. మేనమామ గురించి ఆమెకు తెలుసు.

రోగిని వెంటబెట్టుకుని బయలుదేరాను. కొట్టం కొండ వైపు పోయే సందులో ఉంది. ఆడవాళ్ళు కాలి బొటనవేళ్ళ మధ్య కర్రను తొక్కిపట్టి కూర్చుని ఉన్నారు. మేనమామ డెబ్బై దాటిన మనిషి. అద్దాలకు ఒక వైపు కొక్కెం పోయి దారం కట్టి ఉంది. నన్ను ఎగాదిగా చూశాడు.

"రా సారూ. మా పాపకు కళ్ళు ఎండిపోయినాయని చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"ఆ మొగం మీద కాలవ చూసినావా? ఇట్టా ఎండేదయితే మా వరి కయ్య కూడా ఎండితే బాగుండు."

కొట్టమంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాదించడానికి రాలేదని, ఫోర్కు ఎలా చేస్తారో చూడాలని వచ్చానని చెప్పాను. అది నిజమే. ఆయనకు ఆ మాట నచ్చింది. గోనెపట్టా వేయించి, కూర్చుని, సన్నటి ఉలి తీసుకుని పన్ను విడదీయడం మొదలుపెట్టాడు. నాకు ఎదురుగా ఉన్నాడు కాబట్టి కళ్ళు స్పష్టంగా కనబడుతున్నాయి. ఉలి కర్రలోకి దిగింది. నెమ్మదిగా గాడి పడుతోంది. ఆయన రెప్ప పడలేదు. నేను చూసి చూసి నాలుగు సార్లు రెప్ప వేసుకున్నాను.

"ఉలి కర్రలో ఉన్నంతసేపు రెప్ప పడకూడదు సారూ. అదీ ఇక్కడ చదువు. మా నాయన ఎదురుగా కూర్చునేవాడు, రెప్ప పడితే చెవి మెలేసేవాడు. నేనట్నే నేర్పిస్తా. మా పాప మాదిరిగా రెప్ప ఆపే మనిషి ఈ కొట్టంలో ఇంకోటి లేదు."

మా గదిలో నీలం వెలుగు ముందు ఆమె చూపు కదపకుండా కూర్చోవడం అప్పుడు గుర్తొచ్చింది. నేను ఓర్పు అనుకున్నది ఆమె నేర్చుకున్న పని. రెప్ప వేసినప్పుడే కన్నీరు కంటి మీద కొత్తగా పరుచుకుంటుంది. రెప్ప అంచు నొక్కుకుని నూనె జారేది కూడా అప్పుడే. తల్లి దగ్గర, మేనమామ దగ్గర నేర్చుకుని, పొద్దంతా రెప్ప ఆపి బతికిన కళ్ళు అవి.

ఆయన ఉలి పైకెత్తి, గాడిలోకి ఉఫ్ అని ఊదాడు. పొట్టు లేచి నేరుగా మొహానికి కొట్టింది. కళ్ళు అప్పుడూ తెరిచే ఉన్నాయి, గాడి ఎలా వచ్చిందో చూడాలి కదా. మళ్ళీ ఉలి దించాడు. మళ్ళీ ఊదాడు. వరుసలో ఆడవాళ్ళందరూ అదే తీరు. కోయడం, ఎత్తడం, ఊదడం, కళ్ళు విప్పార్చి పొట్టు మధ్య నుంచి చూడటం.

"రెప్పలు వేసుకుంటే ఆమె కళ్ళు బాగుపడతాయి," అన్నాను.

"రెప్పలు కొట్టుకుంటా చేసేదానికి ఇదేమన్నా చపాతీ కర్రా?"

"ఉలి కర్రలో ఉన్నప్పుడు వద్దు. మీ నాయన మాట అట్లే ఉండనీయండి. ఊదేటప్పుడు?"

"ఊదేటప్పుడు ఏంది?"

"అప్పుడు ఉలి ఎక్కడుంది?"

ఆయన తన చేతి వైపు చూసుకున్నాడు. "పైన ఉండాది."

"మరి అప్పుడు రెండు కళ్ళూ మూసుకుంటే ఏం పోతుంది? పొట్టూ పడదు, కన్నూ తడుస్తుంది."

"గాడి చూడాల్నా వద్దా?"

"పొట్టు పోయినాక చూడండి. గాడి ఎక్కడికీ పోదు."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన అటు చూడగానే చప్పుడాగింది. కాసేపు ఉలిని తొడ మీద తిప్పుతూ కూర్చున్నాడు.

"సారూ, నీ మాట మీద నా కర్ర పాడు చేసుకోలేను. పాప మీద నాకు కోపం లేదు. అది నా అక్క కూతురు. పెద్ద లాటు మొదలయ్యేదాకా దాన్ని ఇంటికాడ కూర్చుని కళ్ళు చూసుకోమను. మొదలు రోజున నా ఎదురుగా ఒక ఫోర్కు చెయ్యాల. పండ్లు సమంగా వస్తే ఆ ఉలి దానిది. రాకపోతే ఆ పిల్లది. అప్పుడు నువ్వు మళ్ళా ఈ కొట్టం మెట్టెక్కకూడదు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికి నేనెవరినో నాకూ తెలియదు, కానీ పక్కన నిలబడ్డ ఆమె తల ఊపింది.

ఆ తర్వాతి వారాలు నెమ్మదిగా నడిచాయి. పొడి కళ్ళు జ్వరంలా దిగిపోవు. తడిగుడ్డ, చుక్కలు, రెప్పల అంచులు తుడవడం అన్నీ ఆమె తూచా తప్పకుండా చేసింది. విరిగిన కర్రముక్క ఇంట్లో పెట్టుకుని, ఊదేటప్పుడు కళ్ళు మూయడం సాధన చేసింది. మొదట్లో మొహమంతా ముడుచుకుపోయేలా గట్టిగా మూసేది. సిస్టరు ఎదురుగా కూర్చుని నేర్పించింది. "చింతకాయ కొరికినట్టు కాదక్కా. నిద్ర వచ్చినట్టు. రెప్ప రెప్పకు తగలాల, అంతే."

బుధవారం బుధవారం పరీక్ష చేశాను. వాపు పోయింది. నూనె పల్చబడింది. నీలం వెలుగులో పొర మూడుకు బదులు ఐదుదాకా నిలిచింది, తర్వాత ఏడుదాకా. పది రాలేదు. పది వస్తుందని నేను ఆశపెట్టలేదు. ఇది బీపీలాంటిదని, ఎప్పటికీ చూసుకుంటూనే ఉండాలని మొదటే చెప్పాను. లాటు మొదలయ్యే ముందు వారం ఆమె, "ఇది సరిపోతాదా సార్?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. ఇంత చదివి ఆ మాట చెప్పడం కష్టంగానే ఉంది. కానీ ఏడుతో ఫోర్కు పన్ను వస్తుందో రాదో ఏ పుస్తకంలోనూ ఉండదు.

లాటు మొదలయ్యే రోజు కూడా బుధవారమే వచ్చింది. రోగులను తొందరగా ముగించి లేచేసరికి, సిస్టరు అప్పటికే గదికి తాళం వేసేసింది. "బస్టాండుకు ఆ కొట్టం సందులోనే పోవాలి గదా సార్," అంది. కాదు. ఇద్దరికీ తెలుసు.

మేనమామ ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు, వాళ్ళ నాయన కూర్చున్నట్టు. వాసంలో నుంచి ఉలి దించి ఆమె ముందు పెట్టాడు. ఆ ఉలికి ఎదురుచూస్తున్న పిల్ల స్తంభం పక్కన నిలబడి ఉంది, ఆమె మొహంలోనూ రక్తం లేదు. మేము గడప దగ్గర నిలబడ్డాం.

ఆమె కర్రను కాలివేళ్ళ మధ్య బిగించి మొదలుపెట్టింది. ఉలి దిగింది. రెప్ప పడలేదు. ఉలి ఎత్తి ఊదింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మేనమామ చూపు కింద ఇన్నాళ్ళ సాధన మరిచిపోయింది. నాకు దగ్గు రాకపోయినా దగ్గాను. రెండోసారి ఊదేటప్పుడు కళ్ళు మూసింది, నిద్ర వచ్చినట్టు. మేనమామ కనుబొమలు ముడిపడ్డాయి.

మొదటి పన్ను విడిపోయింది. రెండోది సగంలో ఉండగా ఆమె ఎడమ కంట్లో నీరు చేరడం నాకు అంత దూరం నుంచి కూడా మెరుపులా కనబడింది. మామూలుగా అయితే కొంగుతో తుడిచి, మసకలోనే కోసేది. పండ్లు విరిగేది అక్కడే. ఆమె ఉలి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. రెండు కళ్ళూ మూసుకుని కదలకుండా కూర్చుంది.

"ఏమ్మే, నిద్రపోతా ఉండావా?"

"లేదు మామా." కళ్ళు తెరవలేదు. "ఉలి పైన్నే ఉండాది."

ఆ చదువు చెప్పింది ఆయనే.

కాసేపటికి ఆమె కళ్ళు తెరిచింది. చెంప మీదికి ఏమీ జారలేదు. ఉలి తీసుకుని రెండో పన్ను ముగించింది, మూడోది కూడా. కొట్టంలో మిగతా ఉలులన్నీ ఆగిపోయి చాలాసేపయింది.

మేనమామ ఫోర్కు తీసుకుని గడప వెలుగుకు పట్టాడు. మొలతాడు నుంచి ఒక పోగు తెంపి, పండ్ల సందుల్లో ఒక్కొక్కదాంట్లో నుంచి లాగాడు. సందు ఎక్కడ సన్నగా ఉన్నా, ఎక్కడ గరుకున్నా పోగు పట్టుకుంటుంది. మొదటి సందులో జారింది. రెండో సందులో మెల్లగా లాగాడు. అందులోనూ జారింది. సిస్టరు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉందని వదిలినప్పుడు తెలిసింది.

"కళ్ళు మూసుకునే చేసినావా?" అన్నాడు ఆయన.

"మూసుకునే చేసినా మామా."

ఉలిని ఆమె ఒళ్ళో వేశాడు. "అయితే అట్నే చెయ్యి."

స్తంభం పక్కన పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఉలి అంటే ఆ పిల్లకూ భయమేనని తర్వాత సిస్టరు చెప్పింది. ఉలి గెలుచుకున్న ఆమె దాన్ని కొంగుతో తుడుస్తోంది. కళ్ళను కాదు.

నేను చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాను. ఆయన తన చోటికి పోయి, సగంలో ఆపిన కర్ర అందుకుని, రెండు కోతలు కోసి, ఉలి ఎత్తి ఊదాడు. ఊదేటప్పుడు రెండు రెప్పలూ వాలి, ఒకదానికొకటి తగిలి, లేచాయి. తల ఎత్తితే నేను చూస్తూ ఉన్నాను.

"కంట్లో పొట్టు పడింది," అన్నాడు.